నాలుగో నవలకు చోటు

పుస్తకాల వ్యాపారంలో జుట్టు నెరిసిన మరిదికి సరుకు కంటే ముందు పెట్టె కనిపిస్తుంది. వదిన రాసిన మూడు నవలలనూ ఒకే అట్టపెట్టెలో బిగించి, పైన బంగారు అక్షరాలతో ‘నవలాత్రయం’ అని వేయించాడు. ఒకే ఇంటి కథను అన్న ఒక నవలలో, అక్క ఒక నవలలో, తమ్ముడు ఒక నవలలో చెబుతారు.

ఇప్పుడు వదిన నాలుగో రాతప్రతి తెచ్చి బల్లమీద పెట్టింది. ఇది ఆ ఇంటి చిన్న చెల్లెలి కథ.

“మూడని చెప్పి అమ్మాను వదినా! ఇప్పుడు నాలుగంటే, కొన్నవాళ్లు నన్ను నిలబెట్టి కడిగెయ్యరూ?”

“నీ అట్టపెట్టె కోసం నా పిల్ల నోరు నొక్కెయ్యమంటావా?”

“సరే, నాలుగింటినీ కలిపి ఏమనాలి?”

“చతుష్టయం.”

“అమ్మో! కొనేవాళ్లు అది నోరు తిరిగి అడిగేలోపు కొట్టు కట్టేసే వేళవుతుంది.”

“పోనీ, నాలుగు నవలల వరస అను. పేరు నీ ఇష్టం. పిల్ల మాత్రం బయటికి రావాలి.”

మరిది బేరీజు వేసుకున్నాడు. అచ్చేస్తే కొన్నవాళ్ల దగ్గర మాట పోతుంది. మానేస్తే వదిన మళ్లీ కలం పట్టదు. ఏది పెద్ద నష్టమో తేలలేదు.

అంతలో ఒక దర్జీ ఆవిడ కొట్లోకి వచ్చింది. ఆ పెట్టె కొన్న మనిషే. మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతోంది.

“ఏమండీ, మీ పెట్టెలో ఒక పుస్తకం తగ్గింది,” అంది వస్తూనే.

మరిది లేచి నిలబడ్డాడు. “మూడూ పెట్టే ఇచ్చానమ్మా!”

“మూడూ చదివాను. ముగ్గురూ ఆ చిన్నదాన్ని తలోమాటా అన్నారు. మరి అదేమంటుంది? దాని మాట వినకుండా తీర్పు ఎలా చెప్పను?”

వదిన రాతప్రతిని ఆవిడ వైపు జరిపింది. దర్జీ ఆవిడ నిలబడే మొదటి పేజీ చదివింది. రెండోది తిప్పి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

మరిదికి లెక్క తేలిపోయింది. పెట్టెలు చేసేవాడికి ఫోన్ చేశాడు. “నాలుగు పట్టే పెట్టె కావాలి. పైన ‘నవలాచతుష్టయం’, కింద ‘నాలుగు నవలల వరస’ అని వెయ్యి. పాతది కొన్నవాళ్లకి పెట్టె ఊరికే ఇస్తాను, ఎక్కువే చెయ్యి.”

ఫోన్ పెట్టేసి వదిన వైపు తిరిగాడు. “రేపే టైపింగ్‌కి పంపుతాను. ముందు ఆవిడ చేతిలోంచి ఆ కాగితాలు ఎలా లాక్కోవాలో ఆలోచించు.”