ఐదు గంటల బస్సు

నాలుగు రోజులు ఇల్లు వదలాలంటే వారం ముందు నుంచే వండాలి. కందిపొడి కొట్టి, చింతకాయ పచ్చడి నూరి, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి, బాబు జ్వరం మాత్రలు ఎక్కడున్నాయో అత్తగారికి మూడుసార్లు చూపించి అరకు బస్సెక్కాను. అయినా గుమ్మంలో మా ఆయన వరహాలరావు అననే అన్నారు, "నాలుగంటే నాలుగే కనకం. ఐదో రోజు నాకు సెలవు దొరకదు." అత్తగారు వెనక నుంచి అందుకున్నారు, "కొండోళ్ళ పండగ సూడ్డానికి కొంప వదిలేసిన కోడల్ని మరెక్కడా సూళ్ళేదమ్మా!"

విజయనగరంలో కాలేజీ పాఠాలు చెబుతూ వాల్తేరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. చైత్రమాసపు వేట పండగలో ఆడవాళ్ళ పాత్ర నా ఆఖరి అధ్యాయం. ఈ డెబ్బై ఎనిమిది జూన్‌లో థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది. అరకు కొండల్లోని ఈ ఊరు రావడం ఇది మూడో చైత్రం. ఏటా నాలుగో రోజు సాయంత్రం ఐదింటికి ఆఖరి బస్సు ఎక్కేస్తాను. నోటుబుక్కులో ఉన్నది ఒకటే ముక్క: మగవాళ్ళు వేటకి వెళ్తారు, ఆడవాళ్ళు థింసా నాట్యం ఆడతారు.

ఇదే ఊళ్ళో పైడిరాజు పదమూడు నెలలుగా ఉంటున్నాడు. మా గైడుగారి ముద్దుల శిష్యుడు. "ఫీల్డులో ఓపిక కావాలమ్మా, పైడిరాజుని చూసి నేర్చుకో," అంటారాయన. ఓపికట! నాకు కుళ్ళు, దాచుకోను. అతను అరుగు మీద కాళ్ళు చాపుకుని ఏమీ అడక్కుండా కూర్చుంటాడు. మనుషులు వాళ్ళంతట వాళ్ళే వచ్చి కబుర్లు చెబుతారు. నేను పరుగున వెళ్ళి అడిగితే, పని మధ్యలో "అంతేనమ్మా, అంతే" అని తలూపి పోతారు.

ఈసారి వచ్చిన రోజునే అతను తన నోటుబుక్కులు చూపించాడు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. "మా ఆవిడ రత్నాలు రాసిందండి. నేను చిత్తు పంపిస్తే సాపు చేసి పంపుతుంది. పిల్లలిద్దర్నీ, మా నాన్ననీ అదే చూసుకుంటుంది. మనకి ఏ బెంగా లేదు." ఇన్నాళ్ళూ ఇతని దగ్గర ఏడాది ఉందని ఏడ్చాను. ఆ ఏడాది రత్నాలుది. ఆమె పేరు ఎక్కడైనా ఉందేమోనని అట్ట లోపల కూడా వెతికాను. లేదు. ఒక పేజీలో మాత్రం "వేట నుంచి వచ్చిన మగవారికి స్త్రీలు పొలిమేరలో నీళ్ళతో స్వాగతం పలుకుతారు" అని ఉంది. ఈ పాటి వాక్యం కూడా నాకు దొరకలేదే అని ఉక్రోషం ముంచుకొచ్చింది.

నాలుగో రోజు తెల్లారే మగవాళ్ళతో పాటు పైడిరాజూ అడవికెళ్ళాడు. నాలుగున్నరకి సంచీ భుజాన వేసుకుని, మూడేళ్ళుగా నాకు చోటిచ్చి అంబలి పోసే సోములమ్మతో చెప్పిపోదామని వెళ్ళాను. ఆమె పెద్ద కుండలో పేడ కలుపుతోంది. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు, ఒకటే నవ్వులు.

"ఈ వేళప్పుడు అలకడమేంటి సోములమ్మా?"

"అలకడానికి కాదమ్మా. మగోళ్ళకి ఒక్క జంతువూ దొరకలేదంట, మా కుర్రోడు గాసి కబురెట్టినాడు. ఒట్టి సేతుల్తో వచ్చినోడి మీద పేడనీళ్ళు పోసెత్తాం. కడుపులో ఉన్నయన్నీ తిట్టెత్తాం. ఎవుడూ నోరెత్తకూడదు."

"ఏటా ఉందా ఇది?"

"లేకేటి? నువ్వు గడియారం సూసుకుని బేగి ఎలిపోతావు. నువ్వెళ్ళినాకే మా పండగ."

"పైడిరాజుగారి మీద కూడానా?"

అందరూ గొల్లుమన్నారు. "కిందటేడు తడిసి ముద్దయిపోనాడు ఆ బాబు!"

స్వాగతమట! పేడ నెత్తిన పోయించుకుని, సిగ్గేసి, స్వాగతమని రాసుకున్నాడు. పాపం రత్నాలు దాన్ని గుండ్రంగా సాపు చేసింది.

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. నాలుగంటే నాలుగే. బాబు గుర్తొచ్చాడు. మాత్రలు ఎక్కడున్నాయో అత్తగారికి తెలుసు, బాబుకి తండ్రి కూడా ఉన్నాడు. అటు వెళ్తున్న సోంబరు అనే కుర్రాడి చేతికి చీటీ ఇచ్చి, మా ఇంటికి చేర్చమని కండక్టరుకి ఇవ్వమన్నాను. "పండగ అయ్యాక వస్తాను" అని మాత్రం రాశాను. ఎన్నాళ్ళో రాయలేదు.

గడియారం విప్పి సంచీలో పడేసి, కొంగు దోపుకున్నాను. కొండ దిగుతున్న మగవాళ్ళ మధ్య పైడిరాజు తెల్లచొక్కా కనిపిస్తోంది.

"సోములమ్మా, నాకు రెండు చెంబులియ్యి."

"రెండెందుకమ్మా?"

"ఒకటి నాది," అన్నాను. "ఇంకోటి రత్నాలుది."