ఆరున్నొకటి

మా అమ్మాయి శారదమ్మకు గుండెలో కవాటం మూసుకుపోతోందనీ, ఆపరేషన్ చేస్తే బతుకుతుందనీ బెంగళూరు డాక్టర్లు చెప్పారు. అమ్మాయి కోసం అక్కడ ఒక మంచం కూడా ఆపి ఉంచారు. అయితే ఒక షరతు. గుండెను కోసేటప్పుడు రక్తపుపోటు తగ్గుతుందట. ఆ దెబ్బ ముందు మూత్రపిండాలకే తగులుతుందట. అవి సరిగా ఉన్నాయో లేదో హిందూపురం ఆసుపత్రిలో వారం రోజులు చూసి, ఇక్కడి డాక్టరు సరేనంటేనే రమ్మన్నారు.

అమ్మాయి మూత్రం గ్లాసుతో కొలవడం, పొద్దున నర్సుకు లెక్క చెప్పడం, పారబోయడం. ఇదీ మా పని. కొలిచేది నా భార్య ఉలిగమ్మ. పెనుకొండలో మాది ధాన్యం అంగడి. పడి పట్టి రాగులు కొలిచీ కొలిచీ అరిగిన చెయ్యి ఆమెది.

బెంగళూరు ప్రయాణం రోజు పొద్దున నేను కాఫీ తెచ్చేసరికి డాక్టరు వరండాలో ఎదురయ్యాడు.

"ఏమప్పా, నిన్న ఆరు గ్లాసులు, ఈ పొద్దు ఒకటేనా? మూత్రపిండాలు ఇట్లుంటే ఆపరేషన్ టేబుల్ మీదనే ప్రాణం పోతాది. ఇప్పుడొద్దని బెంగళూరుకు ట్రంకాల్ చేసి చెప్పినా."

లోపలికి పరుగెత్తాను.

"నర్సుకు ఎన్ని గ్లాసులని చెప్పినావే?"

"ఆరున్నొకటి."

తప్పు ఎక్కడ జరిగిందో అర్థమైంది. ధాన్యం కొలిచేటప్పుడు మేము మొదటి పడిని ఒకటి అనం, లాభం అంటాం. ఏడును ఏడు అనం. ఏడుపు వస్తుందని ఆరున్నొకటి అంటాం. నర్సుది తుమకూరు. తెలుగు అంతంతమాత్రం. నిన్నటి లెక్క ఆరే కాబట్టి, నిన్న ఆరు, ఈరోజు ఒకటి అనుకుని అట్లాగే రాసిందట.

"ఏడని చెప్తే నీ నోరు పడిపోతాదా?"

"బిడ్డ పక్కన కూసోని ఆ మాట యాడ అనేది? దాన్ని ఏడిపించమంటావా?"

డాక్టరు దగ్గరికి పోయి జరిగింది చెప్పాను.

"గ్లాసులు చూపించు."

"పారబోస్తిమి సార్."

"మరి నేనేం చూసి నమ్మేది? రేపు నా ముందర కొలవండి."

"అంతవరకూ మంచం ఉంటాదా సార్?"

"ఈపాటికి ఇంకొకరికి ఇచ్చింటారు."

పడుకుంటే ఊపిరాడక శారదమ్మ దిండ్లకు ఆనుకుని కూర్చునే ఉంది. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. ఉలిగమ్మ ప్రేమకొద్దీ అన్నది. నర్సు విన్నది రాసింది. మంచం దగ్గరున్న వేంకటేశ్వరస్వామి పటం వైపు తిరిగి, "సామీ, నీ కొండలు ఏడైతే లేని కీడు మా గ్లాసులకు వచ్చిందా?" అని అడిగాను. అడిగి లెంపలు వేసుకున్నాను.

మర్నాడు డాక్టరు వచ్చి మంచం పక్కనే నిలబడ్డాడు. ఉలిగమ్మ లాభంతో మొదలుపెట్టి ఆరు దాకా కొలిచింది. ఇంకో గ్లాసు నిండింది. ఆమె పెదవులు బిగించుకుంది.

"అన్నీ కలిపి ఎన్నమ్మా?"

ఆమె నా వైపు చూసింది. అంత కోప్పడ్డవాడిని, నాకూ నాలుక కదల్లేదు.

"ఏడు సార్," అంది శారదమ్మ ఆయాసపడుతూ. "ఏమ్మా, రేపట్నుంచి సామిని ఆరున్నొక్క కొండలవాడా అని మొక్కుతావా?"

డాక్టరు నవ్వాడు. ఉలిగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ట్రంకాల్ లైను దొరికేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరు తిరిగొచ్చి, "మూత్రపిండాలు బాగుండాయని చెప్పినా. మంచం మాత్రం లేదంట. ఖాళీ అయితే టెలిగ్రాం ఇస్తారు. అంతవరకు కొలిచేది మానొద్దండి," అన్నాడు.

ఎన్నాళ్లని అడిగాను. చెప్పలేనన్నాడు.

అదృష్టమో, పరీక్షో, మరుసటి పొద్దున కూడా లెక్క అక్కడికే వచ్చింది. నేను బయట బెంచీ మీద ఉన్నాను. లోపల ఆరు అన్న తర్వాత ఇంకో గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"ఏడు," అంది ఉలిగమ్మ. ఆ వెంటనే గొంతు పెంచింది. "ఏమమ్మా నర్సమ్మా, ఏడు. ఆరూ కాదు, ఒకటీ కాదు. నాకు కనబడేట్టు రాయి."