ఆ అడుగున్నర సందు

ఇంటికి విలువ కట్టడానికి బ్యాంకు పంపిన ఇంజనీరు మధ్యాహ్నం మూడింటికి వస్తాడని తెలిసిన దగ్గర్నుంచీ టైలరు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా అద్దెకుంటున్న షాపును ఓనరు అమ్మేస్తున్నాడు. శనివారం లోపల కొంటే నీది, లేదంటే ఇంకొకరిది అని తేల్చి చెప్పాడు. ఇంటి మీద బ్యాంకు అప్పిస్తుంది, కాకపోతే ఇంజనీరు రిపోర్టు చేరాలి. ఆ రోజు గురువారం.

పని త్వరగా తెమలాలని టైలరు చేయగలిగిందంతా చేశాడు. కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టాడు, మంచాలు గోడల నుంచి జరిపాడు, తలుపుల తాళాలన్నీ తీసి ఉంచాడు. అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు. మెడలో వేలాడే టేపుతో వరసగా ఉన్న మూడు గదులూ కొలిచి, చొక్కాల కొలతలు రాసే పుస్తకంలోనే రాసేశాడు. చివర్న ఇంకో ముక్క కూడా తగిలించాడు: 'పక్కింటివారు ప్రహరీగోడ జరిపి మా సందులో అడుగున్నర కలుపుకున్నారు.'

పక్కింటివారంటే ఎవరో కాదు, తోడబుట్టిన అన్న. తండ్రి ఇచ్చిన స్థలాన్ని చెరిసగం పంచుకుని పక్కపక్కనే ఇళ్ళు కట్టుకున్నారు. టైలరు ఇంటికి ఆ వైపు మూడడుగుల సందు ఉండాలి. ఎనిమిదేళ్ళ క్రితం అన్న గోడ కట్టించాక చూస్తే అడుగున్నరే మిగిలింది. ఆ రోజు టైలరు నడివీధిలో నిలబడి అన్నను దొంగన్నాడు. అప్పట్నుంచీ రెండిళ్ళకూ మాటల్లేవు. మాటలన్నీ షాపులోనే. కొలతలు తీస్తూ వచ్చిన ప్రతివాడికీ ఆ గోడ కథ చెప్పేవాడు. చేతులెత్తి నిలబడ్డ మనిషి వినక ఎక్కడికి పోతాడు?

"ఆ చివరి ముక్క కొట్టేయండి. పని తొందరగా కావాలంటూనే తగువు నెత్తికెత్తుకుంటారా?" అంది భార్య.

"ఉన్నమాట రాయడానికి భయమేంటి? బ్యాంకు కాగితం మీదెక్కితే వాడి బండారం బయటపడుతుంది," అన్నాడు.

ఇంజనీరు చెప్పిన టైముకే వచ్చాడు. పుస్తకం చూసి ముచ్చటపడ్డాడు. "అందరూ మీలా రెడీగా ఉంటే నా పని అరగంటలో అయిపోతుంది," అంటూ పేజీ తిప్పి, చివరి ముక్క దగ్గర ఆగిపోయాడు.

"సరిహద్దు తగాదా ఉందా? ఇల్లు కొలుచుకుని వెళ్ళిపోదామనుకున్నాను. ఇది చూశాక స్థలం మొత్తం కొలవక తప్పదండీ."

భార్య మొగుడి వంక ఒక చూపు చూసింది. పెళ్ళైన మగాళ్ళందరికీ ఆ చూపు తెలుసు.

మొదటి గది వెడల్పు పుస్తకంలో పన్నెండడుగులు, ఇంజనీరు టేపులో పదకొండు. రెండో గదీ అంతే, మూడోదీ అంతే.

"ప్రతి గదికీ అడుగు ఎక్కువ రాశారేంటండీ?"

టైలరు నాలుక కరుచుకున్నాడు. "కుట్టులోకి పోయే గుడ్డ కలిపేశానండీ, చేతికి అలవాటైపోయింది. చొక్కాకి రెండంగుళాలు వదిలితే గదికి అడుగైనా వదలొద్దూ?"

ముగ్గురూ నవ్వుకున్నారు. ఇంజనీరు నవ్వుతూనే సందులోకి వెళ్ళాడు. ఒకసారి కొలిచాడు, ప్లాను చూశాడు, మళ్ళీ కొలిచాడు. బయటికి వచ్చేసరికి ఆ మొహంలో నవ్వు లేదు.

"ప్లానులో మీ గదులు పదేసి అడుగులే. ఇల్లు కట్టేటప్పుడు కొలతలు పెట్టి ముగ్గు పోసిందెవరు?"

"నేనే. నాకన్నా టేపు పట్టడం ఎవరికి బాగా..." టైలరు చెయ్యి మెడలోని టేపు మీదికి పోయింది.

"గదికి అడుగు చొప్పున ఇల్లు మూడడుగులు పెరిగింది. మీ స్థలం వెడల్పు నలభై అడుగులు. అవతలి అంచు నుంచి ఈ ఇంటి గోడ దాకానే నలభై అయిపోయింది. అంటే మీకు సందే లేదు. ఈ అడుగున్నరా మీ పక్కింటాయనది. ఆయనే తన గోడ వెనక్కి జరిపి కట్టుకున్నాడు."

టైలరు మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. అన్న తిన్నాడనుకున్నది అన్న పెట్టింది!

"తగాదా లేదని ఆయన సంతకం పెడితే రిపోర్టు ఇవాళే పంపుతాను. లేదా సర్వేయరు రావాలి, నెల పడుతుంది. ఐదింటి దాకా ఇక్కడే ఉంటాను," అన్నాడు ఇంజనీరు, కాగితం చేతిలో పెడుతూ.

పది అడుగుల దూరం. ఎనిమిదేళ్ళలో తొక్కని గడప. తలుపు తీసిన వదిన పక్కకు జరిగి దారిచ్చింది. అన్న కాగితం చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివి, సంతకం పెట్టాడు.

"నీకు ముందే తెలుసా అన్నయ్యా?"

"గోడ కట్టేముందు కొలిపించాను. నా అంచు మీదే కడితే నీ కిటికీ రెక్కలు తెరుచుకోవు. అందుకే జరిపాను."

"మరి నేను దొంగన్నప్పుడైనా చెప్పొచ్చు కదా!"

"అన్నది వీధిలో కదరా. చెబితే నేనూ వీధిలోనే చెప్పాలి. అప్పుడు అందరూ నిన్ను దొంగంటారు. ఆ పేరు నాకే ఉండనీ అనుకున్నాను."

చేతులెత్తి నిలబడి ఆ కథ విన్నవాళ్ళందరూ టైలరు కళ్ళ ముందు తిరిగారు. వాళ్ళలో ఎంతమందిని వెతికి పట్టుకుని చెప్పగలడు?

"తిట్టన్నయ్యా. ఒక్కసారి తిట్టు."

"ఇప్పుడా? ఆ ఓపిక ఎప్పుడో అయిపోయిందిరా," అన్నాడు అన్న. "ఐదవుతోంది. వెళ్ళు."

టైలరు గడప దాకా వచ్చాడు, దాటలేకపోయాడు. అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చివరికి భార్యే వచ్చి, అతని చేతిలో నలుగుతున్న కాగితాన్ని తీసుకుని ఇంజనీరు దగ్గరికి పరుగెత్తింది.