వెళ్లినట్టే లెక్క

నరసాపురంలో లేసు వ్యాపారం చేసే కుక్కుటేశ్వరరావు మాటంటే మాటే. ఆయన నోట అబద్ధం వచ్చిందని గిట్టనివాళ్లు కూడా అనరు. అందుకు ఆయనకు కాస్త గర్వం కూడా. డెబ్భై ఎనిమిది మార్చిలో ఒక ఉదయం ఆ గర్వంతోనే రాజమండ్రి ఇన్‌కంటాక్సు ఆఫీసులో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

పక్కన ఎల్సా. ఉపాధ్యాయుల ఎక్స్ఛేంజి మీద డెన్మార్కు నుంచి వచ్చి, ఊళ్లో ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతూ ఆయన ఇంట్లోనే ఉంటోంది. ఏడాదిలో నూట ఎనభై రెండు రోజులు మన దేశంలో గడిపితే పన్ను లెక్కకు ఇక్కడి మనిషే. అప్పుడు రిటర్ను వేసి, అది తేలితేగాని దేశం దాటే కాగితం ఇవ్వరు. ఆమె విమానం రేపే. సోమవారానికి చేరకపోతే అక్కడి బడిలో ఆమె ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. పది రోజుల ముందే వెళ్లిపోతానంటే, "కంగారెందుకమ్మా, లెక్క నేను చూస్తున్నాను కదా" అని ఆపింది రావుగారే. ఆయన లెక్కకు ఇవాళ్టితో నూట ఎనభై.

"నూట ఎనభై మూడండి" అన్నాడు ఆఫీసరు జోగేశ్వరరావు, పాస్‌పోర్టు తిప్పి చూపిస్తూ. "జనవరిలో ఈవిడ కొలంబో వెళ్లింది మంగళవారమని రాశారు. ముద్ర శుక్రవారానిదండి."

రావుగారు మీదేసుకున్న కాలు కిందికి దించాడు.

"సోమవారమే ప్రస్థానం పెట్టామండి" అన్నాడు.

దక్షిణానికి ప్రయాణం, రైలు టికెట్టేమో గురువారానికి. గురువారం దక్షిణానికి వారశూల, ఆ దిక్కుకు బయల్దేరకూడదు. అందుకని ఆయన భార్య జగదాంబ సోమవారం మంచి గడియ చూసి, ఎల్సా పెట్టెను ఎదురింటి అచ్చిబాబు వసారాలో పెట్టించింది. పెట్టె గడప దాటితే మనిషి బయల్దేరినట్టే. తాతల నాటి నుంచీ ఆ ఇంట్లో అంతే. రావుగారు డైరీలో ఆ రోజే ప్రయాణమని రాసుకున్నాడు. మొన్న కాగితం నింపేటప్పుడు ఆ డైరీ చూసే, రైలెక్కిన మర్నాడు కొలంబో విమానం కనుక మంగళవారమని దించేశాడు.

"మా ఇంట్లోనూ పెడతామండి" అన్నాడు ఆఫీసరు. "కానీ పెట్టె వెళ్తే మనిషి వెళ్లినట్టని చట్టం ఒప్పుకోదు కదండి. రిటర్ను వెయ్యాల్సిందే. నెల పట్టొచ్చు."

రావుగారు ఆరు నెలలు కూతురిలా చూసుకున్న పిల్ల నోటి దగ్గర కూడు తన చేత్తోనే తీసేశాడు.

ఎల్సా కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఆయన ఇంట్లో నేర్చుకున్న తెలుగులోనే మెల్లగా అడిగింది.

"బాబాయిగారూ, ఆ బుధవారం మీ పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. పెరుగు గిన్నె మీరే అందించారు. నేను వెళ్లిపోయానని ఎలా రాశారండి?"

"వెళ్లావనే అనుకున్నానమ్మా."

ఆ మాట నిజమే. కానీ నిజం చెప్పినందుకు సిగ్గుపడటం ఆయనకు అదే మొదటిసారి.