కిన్షాసాలో మిగిలిన పగలు

డాక్టరమ్మ కాగితంలోంచి తలెత్తి, "ఉత్త కొవ్వు గడ్డమ్మా. భయపడాల్సిందేం లేదు. ఇంటికెళ్ళిపోండి," అంది.

మకియెసే లేచి నిలబడింది. పక్కనున్న ఆమె భర్త లుబాకి కుర్చీలోంచి కదల్లేదు.

"ఇంకోసారి చూడండమ్మా. ఆ కాగితం మా ఆవిడదేనా?"

"ఆవిడదేనండీ. ఇద్దరు డాక్టర్లం చూశాం."

వాళ్ళది బ్రాజవిల్‌లో మా వీధే. లుబాకి వడ్రంగి, మకియెసే ఆడవాళ్ళకు జడలల్లుతుంది. రొమ్ములో గడ్డ తగిలిన సంగతి పిల్లలకు చెప్పలేదు. గుడ్డలు కొనుక్కొస్తామని చెప్పి, పొద్దున్నే పడవెక్కి కాంగో నది దాటారు. మా ఒడ్డున నిలబడితే కిన్షాసా మేడలు కనిపిస్తూనే ఉంటాయి, కానీ అది వేరే దేశం. అంతకుముందు పరీక్షకు వచ్చినప్పుడు కూడా మకియెసే అక్కడ ఆసుపత్రి గోడలు తప్ప మరేమీ చూడలేదు.

బయటికొచ్చేసరికి ఎండ ఇంకా ముదరలేదు. లుబాకి భుజాన పెద్ద సంచి ఉంది. ఆసుపత్రిలో ఉంచేస్తారేమోనని దుప్పటి, గిన్నె, చెంచా, ఆమె బట్టలు సర్దుకొచ్చాడు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు.

"ఆఖరి పడవ సాయంత్రం కదా. ఊరు చూద్దాం."

"ఈ సంచితోనా?"

"సర్దింది నువ్వేగా, నువ్వే మొయ్యి."

పసుపు రంగు వ్యాన్‌లో ఇరుక్కుని కూర్చున్నారు. లుబాకి మామూలుగా నోరు విప్పని మనిషి. ఆ రోజు మాత్రం అడక్కుండానే పక్కాయనతో, "మా ఆవిడకి ఏమీ లేదండీ," అన్నాడు.

"అయ్యో, ఇల్లూ వాకిలీ కూడా లేవా?"

"జబ్బు లేదంటున్నా. డాక్టరమ్మ చెప్పింది."

వెనకసీటు ముసలావిడ దేవుడికి దండం పెట్టింది. కండక్టరు చెయ్యి చాపి, "చాలా సంతోషం బాబాయ్. మరి జేబు ఆరోగ్యం ఎలా ఉంది? ఛార్జీ తియ్యి," అన్నాడు. వ్యాన్ అంతా నవ్వింది. లుబాకి కూడా నవ్వాడు.

పెద్ద బజారులో మనిషిని మనిషి తోసుకుపోతున్నారు. తోపుడుబళ్ళవాళ్ళు "కాళ్ళు, కాళ్ళు" అని అరుస్తూ దారి చేసుకుంటున్నారు. సంచిలోంచి పొడుచుకొచ్చిన గిన్నె పిడిని ఎండుచేపలమ్మే ఆవిడ పట్టుకుంది.

"ఎంతకిస్తావు పెద్దాయనా?"

"అమ్మడానిక్కాదమ్మా."

"మరెందుకు ఊరేగిస్తున్నావు?"

"దానికి ఊరు చూపిస్తున్నాడు," అంది మకియెసే. అని, తన మాటకు తనే కడుపు పట్టుకుని నవ్వింది.

నిప్పుల మీద కాల్చిన మేకమాంసం, ఆకులో చుట్టిన కర్రపెండలం ముద్ద కొనుక్కుని ఓ అరుగు మీద కూర్చుని తిన్నారు. చాలా రోజులుగా ఆమెకు ముద్ద దిగలేదు. ఇప్పుడు తన వాటా అయ్యాక ఆయన దాంట్లో చెయ్యి పెట్టింది. ఇంకా కారం కావాలంది.

తర్వాత గుడ్డల కొట్లు. ఒకచోట రంగు నచ్చలేదు, ఇంకోచోట అంచు నచ్చలేదు. చివరికి నీలం పిట్టల అద్దకం పట్టుకుని బేరం మొదలెట్టింది. అది ఎంతకీ తెమలకపోయేసరికి లుబాకికి ఒళ్ళు మండింది.

"ఎప్పుడూ ఇంతే నువ్వు. ఒక్క గుడ్డ కోసం ఊరంతా తిప్పుతావు. పడవ పోతే ఈదుకుంటూ వెళ్దామా?"

మకియెసే గుడ్డ వదిలేసి ఆయన వంక చూసింది.

"మళ్ళీ అను."

"ఏంటి?"

"ఆ గడ్డ తగిలిన కాడ్నుంచి నన్ను ఒక్క మాట అన్లేదు నువ్వు. కూర ఉప్పు కషాయంలా ఉన్నా బావుందన్నావు. ఇంక నా పని అయిపోయిందనుకున్నా."

లుబాకి సంచి కింద పెట్టాడు. అంత జనంలో చొక్కా చేత్తో మొహం కప్పుకుని ఏడ్చేశాడు. కొట్టువాడు చూడనట్టు గుడ్డలు మడత పెట్టుకుంటున్నాడు.

"నోట్లో పెట్టుకోలేకపోయాను ఆ కూర," అన్నాడు మొహం తుడుచుకుంటూ.

"తెలుసు. నేనూ తిన్నాగా."

ఆమె అడిగిన ధరకే కొట్టువాడు పిట్టల గుడ్డ ఇచ్చేశాడు. రేవు దాకా ఇద్దరూ పరుగులాంటి నడక నడిచారు. పడవలో చోటు దొరకగానే మకియెసే చెప్పులు విడిచి, వాచిన పాదాలు చాపుకుంది. నది సగం దాటకముందే నిద్రపోయింది. ఆ పాదాలను ఎవరూ తొక్కకుండా లుబాకి తన కాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. జనమంతా దిగేదాకా ఆమెను లేపలేదు.