చెన్నకేశవులుగారి వేలు

నేను ఒక ఆక్సిజన్ మీటర్ని. బట్టల క్లిప్పంత ఉంటాను. వేలికి తగిలిస్తే ఎర్రగా వెలిగి, రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో అంకెలో చెబుతాను. ఎక్కడో ఫ్యాక్టరీలో వేలమంది తోబుట్టువులతో పుట్టాను. మహమ్మారి రోజుల్లో గుంటూరు మందులషాపులో నన్ను కొన్నది చెన్నకేశవులుగారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన వేలి మీద నేనెప్పుడూ తొంభై ఎనిమిదికి తగ్గలేదు. ఆ అంకెను వీధిలో అందరికీ చూపించేవారు. భార్య హైమావతిగారికి మాత్రం మేడమెట్లెక్కినా ఆయాసమే.

కిందటి వేసవిలో ఇద్దరూ టూరు బృందంతో హిమాలయాల్లోని లేహ్ వెళ్ళారు. విమానం దిగగానే గైడు, ఇక్కడ గాలి పలచన, రెండు రోజులు మంచం దిగవద్దన్నాడు. హైమావతిగారు ఆ మాట కోసమే ఇంత దూరం వచ్చినట్టు దుప్పటి ముసుగేశారు. మాస్టారు షూ లేసులు బిగించి, గెస్ట్‌హౌస్ వెనకున్న మెట్టను పరుగున ఎక్కి దిగారు.

వచ్చి నన్ను వేలికి పెట్టుకున్నారు. ఉన్నమాట చెప్పాను: డెబ్భై తొమ్మిది. ఆయన నన్ను విదిలించారు. బ్యాటరీలు మార్చారు. వేలు మార్చారు. చివరికి నిద్రపోతున్న భార్య వేలికి తగిలించారు. ఎనభై తొమ్మిది. దిక్కుమాలిన మిషనని తిట్టి మంచం మీద పడేశారు.

కండలకు ఆ ఎత్తులో ప్రత్యేక మర్యాదేమీ లేదని ఆయనకు నేనెలా చెప్పను? ఊపిరి లోతు పెరగాలి, గుండె కాస్త వేగం అందుకోవాలి, బాత్రూముకు కూడా ఎక్కువసార్లు పోవాలి. ఒంటికి ఇవన్నీ అలవడటానికి వ్యవధి కావాలి. హైమావతిగారి ఒళ్ళు ఆ పనంతా గురక పెడుతూనే చేసుకుపోతోంది.

సాయంత్రం గెస్ట్‌హౌస్ యజమానురాలు పద్మ గ్యాస్ సిలిండరు భుజాన పెట్టుకుని, పాట పాడుకుంటూ మెట్లెక్కుతోంది. మాస్టారు ఆమెను ఆపి మరీ నన్ను తగిలించారు. తొంభై. గుంటూరులో ఆ అంకెకు అంబులెన్సు పిలుస్తారు. తరతరాలుగా ఆ గాలినే పీల్చిన ఒళ్ళు ఆమెది, అంతతోనే హాయిగా నెట్టుకొస్తుంది. ఆమె నవ్వి, పాట అందుకుని వెళ్ళిపోయింది.

మర్నాటికి మాస్టారికి తల పగిలిపోతోంది. తాగిన టీ తాగినట్టే బయటికొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఆ మరుసటి ఉదయం బస్సు ఇంకా పైనున్న కనుమకు వెళ్తుంది, అంకె తక్కువున్నవాళ్ళను గైడు దింపేస్తాడు. అందుకని నన్ను కాలి సాక్సులో దాచి, పోయిందని చెప్పారు. అంతకన్నా దుర్భరమైన రాత్రి నాకు లేదు.

బయల్దేరే ముందు ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకోలేక తంటాలు పడుతుంటే హైమావతిగారు చూశారు. ఈ ఎత్తు పడకపోతే నడక తూలుతుందని గైడు చెప్పింది ఆవిడకు గుర్తుంది.

"ఏవండీ, ఒక్కసారి ఈ గచ్చు మీద గీత వెంట నడవండి."

"నన్నే నడవమంటావా?"

ఊళ్ళో సగంమంది మగపిల్లల్ని గీతల వెంట నడిపించిన మనిషి దర్జాగా అడుగేసి, గీత తప్పి తూలి, వెళ్ళి గోడకు గుద్దుకున్నారు. గోడను అలాగే పట్టుకుని నిలబడిపోయారు. మొదటిసారి ఆయన కళ్ళలో భయం చూశారావిడ.

"ఆస్పత్రికి పదండి."

"బస్సు వెళ్ళిపోతుందే."

"పోనివ్వండి."

పద్మ కారు తీసింది. మెదడు ఉబ్బడం మొదలైందని, అలాగే పైకెక్కి ఉంటే దక్కేవారు కాదని డాక్టరు చెప్పారు. షూ విప్పితే నేను దొరికాను. హైమావతిగారు నన్ను తుడిచి ఆయన వేలికి పెట్టారు. ఇంజెక్షన్లు, ముక్కుకు మాస్కు. మంచం మీంచి కదలకుండా పడుకున్నాక నా అంకె మెల్లగా పైకి పాకింది. అదీ తన ప్రతాపమేనన్నట్టు ఆయన నర్సులకు చూపించారు.

రెండు రోజుల్లో కాస్త కోలుకున్నారు గానీ, పైకి వెళ్ళే మాటే లేదన్నారు డాక్టరు. ఆ రోజు మరో బృందం కనుమకు వెళ్తోంది.

"నువ్వు చూసిరా హైమా," అన్నారు మాస్టారు, మాస్కు కాస్త పక్కకు జరిపి.

ఆవిడ నన్ను సంచీలో వేసుకుని వెళ్ళారు. పైన, నీళ్ళలో నడిచినట్టు నాలుగడుగులేసి ఆగుతూ, మళ్ళీ నడుస్తూ, ఒక్కరే నవ్వుకోవడం విన్నాను. నన్ను బయటికి తీయనే లేదు.

తిరిగొచ్చేసరికి మాస్టారు మేలుకునే ఉన్నారు.

"ఎంత చూపించింది?"

"చూసుకోలేదండీ. మంచు చూశాను."

నన్ను మళ్ళీ ఆయన వేలికి తగిలించారు. ఆయన మంచం మీద కొంచెం పక్కకు జరిగి చోటిచ్చారు.

"కూర్చో. మొదట్నుంచీ చెప్పు."

ఆవిడ చెబుతూ పోయారు. నేను ఎర్రగా వెలుగుతూనే ఉన్నాను, ఇద్దరిలో ఒక్కరూ నా వైపు చూడలేదు.