పేరు చెప్పే చోటు

నా భర్త అన్సెల్మో పడవ తుపానులో మునిగిపోయాక, అతనితో వెళ్ళినవారందరి శరీరాలూ ఒడ్డుకు వచ్చాయి. అతనిది రాలేదు. చుట్టుపక్కల ఇళ్ళలో తొమ్మిదిరోజుల ప్రార్థనలు జరిగాయి. మా ఇంట్లో జరగలేదు. అది చనిపోయినవారి కోసం చేసేది. నేను ఒప్పుకోలేదు.

మా ఇలోకోస్ తీరంలో చనిపోయినవారి వాటా అన్నం పటం ముందు మూత లేకుండా పెడతారు. నేను అతని పళ్ళెం మీద రోజూ మూత వేసేదాన్ని, ఆలస్యంగా ఇంటికొచ్చే మనిషికి ఉంచినట్టు. పొద్దున్నే దాన్ని పందికి వేసి బడికి వెళ్ళేదాన్ని. ఆదివారం చర్చికి వెళ్ళినా దేవుణ్ణి ఏమీ అడిగేదాన్ని కాదు. అడిగితే జవాబు చెబుతాడేమోనని భయం.

ప్రార్థన చెప్పే బుర్సియా పిన్ని సాయంత్రం పూట జపమాల పట్టుకుని వచ్చేది.

"ఏం టీచరమ్మా, ఇవాళైనా కొవ్వొత్తి వెలిగిస్తావా, మళ్ళీ కాఫీ పోసి పంపేస్తావా? నీ కాఫీ తాగి తాగి నాకు నిద్ర కరువైందే."

"కాఫీ పెడతాను పిన్నీ."

ఒకరోజు నేను అలాగే లేవబోతుంటే మా అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది. కొడుకు గురించి అంతవరకూ నన్ను ఒక్క మాట అనలేదు ఆవిడ.

"బళ్ళో పిల్లల్ని నిలబెట్టినట్టు వాణ్ణి నిలబెట్టేశావే అమ్మాయ్. వాడికి మాత్రం కాళ్ళు లాగవూ? ఇంక కూర్చోనియ్యవే."

నేను లేవలేకపోయాను. కొవ్వొత్తి ఆవిడే వెలిగించింది.

జపం సాగింది. పోయిన మనిషి పేరు వచ్చేచోట బుర్సియా పిన్ని ఆగింది. అక్కడ పేరు ఇంటివాళ్ళు చెప్పాలి. భార్య ఉంటే భార్యే చెప్పాలి. నేను పలికితే అతన్ని నా చేతులతో చంపుకున్నట్టే అనుకున్నాను ఇన్నాళ్ళూ. పిన్ని తొందరపెట్టలేదు. అత్తగారు తల ఎత్తలేదు.

"అన్సెల్మో," అన్నాను.

"ప్రభువా, ఇతనికి నిత్య విశ్రాంతి దయచేయండి," అన్నారిద్దరూ.

నాకు ఏడుపు వచ్చింది. కానీ నీళ్ళలో ఎక్కడో ఒంటరిగా ఉన్నాడనుకున్నవాణ్ణి ఎవరో చేతుల్లోకి తీసుకున్నట్టనిపించింది. ఎవరో కాదు, నేను అడగడానికి భయపడిన ఆయనే.

అత్తగారు అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"రేపూ నువ్వే చెప్తావుగా?"

"చెప్తాను అత్తయ్యా."